బుధవారం ఒక్కపొద్దు ఏ దేవుడికి

మా వీధిలో చీరల డిజైన్లు నేర్చుకుంటున్న ఆడపిల్లలు ఇద్దరున్నారు. పని ముగించుకొని పోతూ మా అరుగు మీద కాసేపు కూర్చుంటారు. కూర్చున్నప్పుడల్లా ఒకటే మాట. "పెద్దమ్మా, నేర్చుకోవాలనే ఉండాది. టైం యాడుండాది?" టైం నేను ఎట్ల సంపాదించానో చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ముఖం చెల్లక మింగేశాను. ఎందుకంటే నాది సంపాదన కాదు, దొంగతనం. అది కూడా దేవుణ్ణి అడ్డం పెట్టుకొని చేసిన దొంగతనం. కాగితం మీద రాస్తే నా ముఖం కనపడదు గనుక ఇప్పుడు రాస్తున్నాను. చదివి నవ్వుకోండి, నవ్వాక పనికొచ్చేది ఏదైనా మిగిలితే ఉంచుకోండి.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన భజన పుస్తకం ముందర పెట్టుకొని, నా వేలు పట్టి అక్షరాల మీద నడిపించాడు. లెక్కలు మా అవ్వ చింతగింజలతో నేర్పింది. ఆ చదువుతోనే తొంభైల మొదట్లో ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు తయారుచేసే ఒక సెంటర్లో పనికి కుదిరాను. ఇన్నేళ్ళు తిండి పెట్టిన ఆ భజన పుస్తకానికి ఈరోజుకూ దండం పెట్టుకుంటాను.

పని ఏమంటే గళ్ళు నింపడం. బొమ్మను పెద్ద గళ్ళ కాగితం మీదికి ఎక్కిస్తారు. ఒక్కో గడి ఒక్కో పోగు. జరీ కనపడాల్సిన చోట గడిని ఎర్ర రంగుతో నింపాలి. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీదికి పోతాయి, అట్ట ఎట్ల చెప్తే మగ్గం అట్ల నేస్తుంది. అంటే నేను ఒక గడి తప్పు నింపితే ఎక్కడో ఒక పెండ్లికూతురి చీర మీద నెమలికి మూడో కాలు మొలుస్తుంది. నింపడం నేర్పినవారు మా గ్రాఫ్ మాస్టారు. బత్తలపల్లి మనిషి. తప్పు గడిని బ్లేడుతో గీకి తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమని చెప్పేవారు. పదేళ్ళు అట్లాగే ఊపిరి బిగబట్టి బతికాను.

రెండువేల ఒకటిలోనో రెండులోనో, దసరా కాగానే, మా షావుకారు కంప్యూటరు తెచ్చారు. దానితోబాటు బెంగళూరులో డిజైన్ కోర్సు చేసివచ్చిన హిందూపురం అమ్మాయిని కూడా తెచ్చారు. మాస్టారు ఆ పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చారు.

"ఏమి సామీ, ఈ పెట్టెకు కండ్లుండాయా? కండ్లు లేంది గడి ఎట్ల నింపుతాది?"

"నింపుతాదప్పా. నువ్వు పది దినాలు నింపేది అది ఒక్క పూటకే నింపుతాది."

"అట్లయితే జీతం గూడా దానికే ఇయ్యి."

అందరం నవ్వాం. షావుకారు నవ్వలేదు. "ఉగాదికి గ్రాఫు పని నిలిపేస్తాండా. దీంట్లో చేతనైనోళ్ళు ఉంటారు. చేతగానోళ్ళకు నేనేం చేసేదమ్మా, మీరే చెప్పండి" అన్నారు.

మాస్టారికి ఎట్లాగూ పని మానుకోవడానికి రెండేళ్ళే మిగిలాయి. నాకు ఇద్దరు పిల్లలు, అత్త, బస్సు కండక్టరుగా ఎప్పుడు ఏ ఊళ్ళో ఉంటాడో ఆయనకే తెలియని భర్త. నా జీతం ఆగితే ఇల్లు ఎట్ల నడుస్తుందో లెక్క వేయడానికి అవ్వ నేర్పిన చింతగింజలు చాలు. ఉగాదిలోపల నాకు కంప్యూటరు పని రావాలి. లేకపోతే ఇంటికి పోవాలి. ఇంతే నా కథలో ఉన్న కష్టం.

ఇక టైం. నాలుగింటికి లేచి, నీళ్ళు పట్టి, దీపం పెట్టి, సంగటి కెలికి, పెనుకొండ స్టేషన్లో ప్యాసింజరు ఎక్కితే ధర్మవరంలో దిగి సెంటరుకు పరుగు. సాయంత్రం మళ్ళీ ప్యాసింజరు. ఇంటికొచ్చాక అత్తగారి కాళ్ళకు నూనె, పిల్లల ఎక్కాలు. రోజంతా కంప్యూటరు ముందు ఆ హిందూపురం పాపే కూర్చుంటుంది. కుర్చీ ఖాళీ అయ్యేది మధ్యాహ్నం ఒక్క అరగంట, ఆమె అన్నం తినేటప్పుడు. అందులోనూ కరెంటు ఉండాలి.

అయితే ఆ అరగంట మా సెంటర్లో ఎవరిదీ కాదు, అందరిదీ. చాప పరిచి గుండ్రంగా కూర్చొని, క్యారియర్లు మధ్యలో పెట్టి, ఒకరి పొడికూర ఒకరు లాక్కొని తినేవాళ్ళం. ఒకరు తక్కువైతే లేచివచ్చి చెయ్యి పట్టి లాక్కుపోతారు. "కంప్యూటరు నేర్చుకుంటాను, మీరు తినండి" అనే ధైర్యం నాకు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని, ఇంగ్లీషులో నా పేరు తప్ప రాయలేను, రేపు రాకపోతే అందరూ నవ్వుతారు. పైగా గళ్ళు నేర్పిన మాస్టారి ముందే ఆయన కూడు లాక్కునే పెట్టె ముందు కూర్చోవడమా అని ఒక బాధ.

ఒక సోమవారం మాస్టారు చాప మీద నుంచి పిలిచారు. "ఏమ్మా, క్యారియరు యాడ?"

"ఈ పొద్దు సోమవారం కదా మాస్టారూ. ఒక్కపొద్దు."

శివయ్య క్షమించాలి. అంత సులభంగా నోట్లోంచి వచ్చేసింది. రాత్రి ఒక్క పూటే తినే మనిషిని ఎవరు మాత్రం అన్నానికి లాగుతారు? హాయిగా కుర్చీలో కూర్చున్నాను. మంగళవారం ఆంజనేయస్వామికని చెప్పాను. బుధవారం వచ్చేసరికి నోరు తడబడింది.

"బుధవారం ఏ దేవునికమ్మా?"

"మా ఇంటి దేవునికి."

"మీ ఇంటి దేవుడెవురు?"

"పెద్ద దేవుడే మాస్టారూ."

గురువారం దత్తాత్రేయుడు, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకటేశ్వరస్వామి. నిజం చెప్పాలంటే ఈ ఆరింటిలో శనివారం ఒక్కటే నేను ఎప్పటినుంచో చేసే అసలైన ఒక్కపొద్దు. ఆదివారం సెలవు, దేవుళ్ళకూ నాకూ.

ఇక నా విద్యాభ్యాసం. మొదటి రోజు ఎలుక లాంటి దాన్ని చేతికిచ్చి, బాణం గుర్తును ఆ చివరికి తీసుకుపొమ్మని చెప్పి హిందూపురం పాప అన్నం కలుపుకుంటూ కూర్చుంది. నేను తోశాను. తోస్తూనే ఉన్నాను. చెయ్యి బల్ల అంచుకు వచ్చింది, బాణం ఇంకా సగం దారిలోనే ఉంది.

"పాపా, బల్ల అయిపోయింది. ఇప్పుడేం చేయాల?"

ఆ పిల్లకు పొలమారింది. నీళ్ళు తాగి, కండ్లు తుడుచుకొని, "ఎత్తి మళ్ళా మధ్యలో పెట్టుకో అక్కా! బల్ల కొనక్కురమ్మనలేదు నిన్ను" అంది. ఇప్పుడు మీరు నవ్వుతారు. నాకు మాత్రం ఆ రోజు వారం రోజుల గళ్ళు నింపినంత చెమట పట్టింది.

"పాడైపోతే ఎట్ల పాపా?" అని రోజూ అడిగేదాన్ని. "సుమ్నే ఉండక్కా, భయపడొద్దు. పాడైతే నేనే చేసినానంటా" అనేది. ఆమె కంటే నేను పదిహేనేళ్ళు పెద్ద. గురువుకు వయసుతో పని లేదని పెద్దవాళ్ళు అంటే వినడమే గానీ, గురువు ముందు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కూర్చుంటే బాగా తెలిసివస్తుంది.

అక్షరాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడానికి మగ్గం మీది జకార్డు అట్ట చెడిపోయినది ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. రంధ్రాల పక్కన సున్నంతో అక్షరాలు రాసి, రైల్లో ఒడిలో పెట్టుకొని వేళ్ళు ఆడించేదాన్ని. ఒకరోజు ఎదురుగా కూర్చున్న ముసలామె చాలాసేపు చూసి, అరచెయ్యి చాచి, "మా చిన్నోనికి పెండ్లి ఎప్పుడైతాదో చూడమ్మా" అంది. నేను సోది చెప్పేదాన్ని కాదని ఆమెను నమ్మించేసరికి ధర్మవరం వచ్చింది. దిగేటప్పుడు కూడా, "చెప్పేది ఇష్టం లేకపోతే అట్లనే అంటారులే" అని గొణిగింది.

ఆకలి సంగతి దాచను. నాలుగున్నరకు తిన్న సంగటి ముద్ద ఒంటిగంట దాకా ఎక్కడుంటుంది? వేయించిన శనక్కాయ విత్తనాలు చిన్న పొట్లం కట్టి కొంగులో ముడి వేసుకునేదాన్ని. అందరూ అటు తిరిగి తింటుంటే ఇటు నేను ఒక్కో గింజా నోట్లో వేసుకుంటూ గీతలు గీసేదాన్ని. దేవుడికి ఒక్కపొద్దు, నాకు శనక్కాయలు.

అబద్ధం ఒకటి ఉంది చూశారూ, దాన్ని నాటితే చాలు, నీళ్ళు వేరేవాళ్ళు పోస్తారు. సంక్రాంతి దాటేసరికి సెంటర్లో నా గౌరవం పెరిగిపోయింది. నా ముందు ఎవరూ బూతుమాట ఆడరు. అట్టలు తీసుకుపోవడానికి వచ్చే నేత పెద్దాయన నా చేతి నుంచి అట్టల కట్ట అందుకొని కళ్ళకు అద్దుకోవడం మొదలుపెట్టాడు. మాస్టారికి కంటికి ఆపరేషన్ పడింది. పోయేముందు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నీ ఒక్కపొద్దుల పుణ్యంలో కొంచెం నా కంటికి రాయమ్మా."

రాస్తానన్నాను. ఇంకేమనాలి? ఆ రాత్రి దేవుడి ముందు కూర్చుని, నా దగ్గర పుణ్యం లేదు స్వామీ, ఆయన కన్ను మాత్రం బాగుచెయ్యి అని ఏడ్చాను. చూపు వచ్చింది. ఆయన టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ టెంకాయ ఎంత బరువుందో నాకొక్కదానికే తెలుసు.

అప్పుడే హిందూపురం పాప అక్క పెండ్లికని ఇరవై రోజులు సెలవు పెట్టింది. అదే వారం బెంగళూరు కొట్టువాళ్ళ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. పెద్దంచు చీరలు మూడు, లేపాక్షి పనితనం కనపడాలట. షావుకారు నా వైపు చూశారు.

"పాప వచ్చేదాకా ఆగల్నా, నువ్వు చేస్తావా?"

"చేస్తాను."

ఆ మూడు అక్షరాలు పలికించింది భక్తి కాదు, పొగరు. మొదటిసారి కుర్చీ రోజంతా నాది. లేపాక్షి బసవన్నను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మెడలో గంటలు, వీపు మీద వస్త్రం, ఎత్తిన తల. గడి గడికీ కూర్చి అంచు పొడవునా వరుసగా నిలబెట్టాను. పూర్తయ్యాక తెర మీది బసవన్నకు నిజంగానే చేతులు జోడించాను. షావుకారు బెంగళూరులో ఉన్నారు. మాస్టారి కంటికి ఆపరేషన్ నాటి పచ్చ గుడ్డ ఇంకా తీయలేదు. ఎవరికీ చూపించకుండా అట్టలు కొట్టించి నేత పెద్దాయనకు ఇచ్చాను. ఆయన కళ్ళకు అద్దుకొని తీసుకుపోయాడు.

పన్నెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం అందరూ చాప మీద కూర్చునే వేళకు, పెద్దాయనా ఆయన భార్యా మొదటి చీర తెచ్చారు. షావుకారు ఉన్నారు. పాప ఆ పొద్దే సెలవు నుంచి వచ్చింది. చీర విప్పగానే గదంతా వెలుగు. మాస్టారు కంటి గుడ్డ పక్కకు జరిపి మరీ చూశారు. నా గుండె ఇంత పెద్దదైంది. పెద్దాయన భార్య చీర కొస పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, దీని మొక్కు ఏమో మాకు తెలీదు. ఒక్కసారి మీరు నడుముకు పెట్టుకొని ఇస్తే మాకు చాలు."

మొక్కు మాట నాకు అర్థం కాలేదు. పొగడ్త అనుకొని, కట్టుకున్న చీర మీదే కుచ్చిళ్ళు దోపుకొని నిలబడ్డాను.  మాస్టారు, కొత్త కంటితో చూసి, మెల్లగా అన్నారు.

"అమ్మా, బసవన్న నీ కాళ్ళకాడ ఉండాడే."

తలవంచి చూశాను. వరుసగా బసవన్నలు, నా పాదాల చుట్టూ, నేల మీది దుమ్ము తాకుతూ. ఒకాయన ముట్టె సరిగ్గా నా మెట్టె మీద ఆనుకొని ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా చీర కడుతున్నాను. పదేళ్ళుగా చీర అంచులకు గళ్ళు నింపుతున్నాను. అంచు అనేది కాళ్ళ దగ్గర ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు. తెర మీద ఆయన నా కళ్ళకు ఎదురుగా, నా కంటే ఎత్తులో కదా ఉన్నాడు!

షావుకారు నన్ను దాటి, పెద్దాయన వైపు తిరిగారు. "ముప్పై ఏండ్ల నుంచి నేస్తాండావు. నేసేటప్పుడు నీకు కనపడల్యాప్పా?"

"రెండో దినమే కనపడె సామీ.  మా ఆడామె ఆపమనె. అయితే వారమంతా ఒక్కపొద్దుండే తల్లి చేసిచ్చింది కదా. ఆయమ్మకు తెలీని శాస్త్రమా? ఏదో మొక్కుంటాది, మనం అడిగితే దోషం అనుకుంటిమి. ఈ పన్నెండు దినాలు ఇంట్లో నీసు మానుకొని, తెల్లారి తల స్నానం చేసి మగ్గంలో దిగితి సామీ."

 తప్పు చేసింది నేను. దాన్ని పన్నెండు రోజులు నోరు కట్టుకొని, పూజలాగా నేసింది వాళ్ళు. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. చీర విప్పి కళ్ళకు అద్దుకొని బల్ల మీద పెట్టాను.

"మొక్కు లేదు పెద్దాయనా. ఒక్కపొద్దులు గూడా లేవు. శనివారం తప్ప అన్నీ అబద్ధమే. అన్నం టైములో కంప్యూటరు నేర్చుకోవాలని అట్ల చెప్తా వచ్చినా. అంచు యాడుంటాదో మరిచిపోయి గీసింది నా తెలివితక్కువతనం."

 అప్పుడు హిందూపురం పాప లేచి, కంప్యూటరు దగ్గరికి పోయి, కీబోర్డు ఊడదీసి తెచ్చింది. చాప పక్కన పాత పేపరు పరిచి, దాని మీద కీబోర్డును బోర్లించి రెండు తట్లు తట్టింది. జలజలా శనక్కాయ పొట్టు రాలింది.

"ఇది నేను లేని ఇరవై దినాలది" అంది పాప. "అంతకు ముందరిదంతా దినామూ సాయంత్రం బ్రష్షు పెట్టి నేనే దులుపుతాంటి. నాకు మొదటి వారమే తెల్సు."

"ఏంటికి చెప్పలేదు పాపా?"

"చెప్తే నువ్వు మళ్ళా కుచ్చుంటావా అక్కా?"

మాస్టారు పొట్టునూ నన్నూ మార్చి మార్చి చూశారు. "మరి నా కన్ను ఎవురి పుణ్యమమ్మా?"

"డాక్టరుది మాస్టారూ."

"అట్లయితే నా టెంకాయ నాకియ్యి."

ముందు నవ్వింది పెద్దాయన భార్య. నవ్వుతూనే చీర మడత పెడుతూ, "ఇంత బాగొచ్చిన చీరను మూల పడేస్తామా సామీ? అమ్మవారికి కట్టిస్తే పోతాది. ఆయమ్మ కాళ్ళకాడ కాకపోతే బసవన్న ఇంగ యాడ కుచ్చుంటాడు?" అంది.

షావుకారు ఒక్క క్షణం ఆలోచించి తలూపారు. నాకు మాత్రం తీర్పు వాయిదా వేశారు. "మిగిలిన రెండు చీరలకు అట్టలు మార్చు. బసవన్నను కొంగులోకి ఎక్కించు, అంచుకు మామిడి పిందెలు చాలు. ఉగాదికి నువ్వుండేదీ లేందీ అది చూసినాక చెప్తా."

మర్నాడు మధ్యాహ్నం నేను కుర్చీ వైపు పోతుంటే పాప నా చెయ్యి పట్టి చాప మీద కూర్చోబెట్టింది. "ముందు తిను. పది నిమిషాలు అన్నం, ఇరవై నిమిషాలు పని. నాకూ పది నిమిషాలు చాలు." అయిదు నెలలు దేవుళ్ళందరినీ లాగి నేను తెచ్చుకున్న అరగంట, నోరు తెరిచి అడిగి ఉంటే ఇంత సులభంగా వచ్చేది. ఆమె తన కుర్చీని జరిపి నా పక్కనే కూర్చుంది. మాస్టారు కూడా తిని వచ్చి, వెనక నిలబడి, "ఆ గడి తీసెయ్యమ్మా, గంట వాలిపోతాండాది" అని చెప్పసాగారు. పెట్టెకు కండ్లు లేవు కదా, ఆయనవే పెట్టారు.

కొంగు డిజైను అయ్యాక ఈసారి తెరను నమ్మలేదు. కాగితాల మీద ప్రింటు తీసి, జిగురుతో అతికించి, పిన్నులతో నా భుజానికి గుచ్చుకొని, మామిడి పిందెల కాగితం పాదాల దగ్గర గుచ్చుకొని అద్దం ముందు నిలబడ్డాను. మంచిదే అయింది. బసవన్న భుజం మీది నుంచి తలకిందులుగా వేలాడుతున్నాడు. మళ్ళీ కూర్చొని తిప్పాను, మళ్ళీ గుచ్చుకున్నాను. ఆ అవతారంలో ఉండగా షావుకారు లోపలికి వచ్చారు. తిరునాళ్ళలో కాగితాల బొమ్మలాగా ఉన్నానేమో, కాసేపు తేరిపార చూశారు.

"ఇట్ల గుచ్చుకోమని ఎవురు నేర్పిరమ్మా?"

"బసవన్నే నేర్పె సామీ."

"ఉండుపో అయితే" అన్నారు. నా ఉద్యోగం నిలిచింది ఆ రెండు మాటలతోనే.

ఉగాది తర్వాత గ్రాఫు బల్లలు తీసేశారు. మాస్టారు బత్తలపల్లికి వెళ్ళిపోయారు. పోతూ తప్పు గళ్ళు గీకే బ్లేడును కాగితంలో చుట్టి నాకిచ్చారు. కంప్యూటరులో దానితో పని లేదు. అయినా రిటైరయ్యేదాకా నా బల్ల సొరుగులోనే ఉంది. ఒక శుక్రవారం అమ్మవారికి ఆ చీర కట్టినప్పుడు అందరం పోయాం. బసవన్నలు తల్లి పాదాల చుట్టూ కొలువు తీరి ఉంటే, నా తప్పును కూడా తగిన చోట కూర్చోబెట్టగలిగిన ఆ నేత దంపతులకు మనసులోనే మొక్కుకున్నాను.

అమ్మాయిలూ, నా దగ్గర మీకిచ్చే సలహాలు రెండే. టైం కావాలంటే పక్కనున్నవాళ్ళను అడగండి. గీసినదాన్ని పంపేముందు ఒంటికి గుచ్చుకొని చూసుకోండి.

రిటైరైనాక దేవుళ్ళకు పడిన బాకీ మొదలుపెట్టాను. అబద్ధమాడిన ఒక్కపొద్దులన్నీ ఇప్పుడు నిజంగా ఉంటున్నాను, శనక్కాయలు లేకుండా. సోమవారానివి శివయ్యకు, మంగళవారానివి ఆంజనేయస్వామికి, ఎవరివి వాళ్ళకు. బుధవారం దగ్గరే చిక్కు వచ్చింది. ఆ 'పెద్ద దేవుడు' ఎవరో ఈరోజుకూ నాకు తేలలేదు. అందుకని బుధవారం ఒక్కపొద్దు ఆ హిందూపురం పాప పేరు మీద ఉంటున్నాను. ఆమె ఎక్కడున్నా, ఇంకెవరి శనక్కాయ పొట్టూ దులిపే పని లేకుండా చల్లగా ఉండాలని.